ఆర్ఖొంతెస్ గార్లకు ఒక మనవి

గౌరవనీయులైన ఆర్ఖొంతెస్ గార్లకు,

ప్రాచీన ఏథెన్స్‌ను ఏలిన మీలో ఒక్కరే ఉంటే పేరు "ఆర్ఖోన్" అని తెలుసు. కానీ ఏలేవాళ్లను ఏకవచనంలో పిలిచే ధైర్యం నాకు లేదు.

ప్రాచీన గ్రీకు నిఘంటువులో మీరు నామవాచకంలా దర్జాగా కూర్చున్నారు. పుట్టుక చూస్తే మీరు క్రియాజన్య విశేషణం, అంటే మన "ఏలేవాడు" లాంటివారు. ఏలుతున్నంతసేపే ఆ పేరు. ఆ లెక్కన దిగిపోయాక ఇంటికెళ్లాలి. మీరేమో ఏథెన్స్‌లో ఏడాది పదవి కాగానే అరియోపాగస్ అనే మాజీ ఆర్ఖొంతెస్ సభలో చేరి జీవితాంతం కూర్చున్నారు. వ్యాకరణాన్ని అంత తేలిగ్గా దాటేసినవాళ్లను నేనింకెక్కడా చూడలేదు.

మీ ధాతువుకు "మొదలుపెట్టు" అనీ, "ఏలు" అనీ రెండర్థాలట. శంకుస్థాపనలు చూసిన కళ్లకు ఇందులో వింతేమీ లేదు. మేం "దేశాన్ని ఏలాడు" అంటాం. మీ క్రియ మాత్రం షష్ఠి పక్కన ఉంటే తప్ప ఏలదు. వేరే విభక్తి దొరకలేదా, సొంత ఆస్తిలా "యొక్క" కావాలా?

నిన్న రాత్రి కవరు మీద గ్రీకులో "ఏలేవారికి" అని రాయబోయాను. చతుర్థీ బహువచనంలో "ఆర్ఖొంత్"కు "సి" తగలగానే మధ్యలో అక్షరాలు రాలిపోయి "ఆర్ఖూసి" అయింది. అదే మాటకు "వాళ్లు ఏలుతున్నారు" అని కూడా అర్థం! చిరునామా రాద్దామంటే ప్రకటన అయి కూర్చుంది.

మీ ఊరివాళ్లు మాత్రం గట్టివాళ్లు. క్రీ.పూ. 487 నుంచి మీ తొమ్మిది మందినీ గింజలతో లాటరీ తీసి ఎంచారు. కుర్చీ ఎక్కే ముందు అమ్మానాన్నలను బాగా చూసుకుంటున్నావా, పన్నులు కడుతున్నావా అని అడిగారు. రాయి మీద నిలబెట్టి, లంచం తింటే బంగారు విగ్రహం సమర్పిస్తానని ఒట్టు వేయించారు. విగ్రహం పెట్టించుకోవడం శిక్షగా ఉన్న రోజులవి!

ఇంకో సంగతి. సంవత్సరానికి మీలో ఒకరి పేరే పెట్టేవారు కదా. క్రీ.పూ. 404లో ముప్పై మంది నియంతల కాలంలో పదవెక్కిన పీథొదోరొస్ పేరును ఏథెన్స్ ఒప్పుకోలేదు. మీ మాట ముందు ఒక్క "అన్" ("లేని") తగిలించి, ఆ ఏడాదిని "అనార్ఖియా", అంటే ఆర్ఖోన్ లేని ఏడాది, అంది. మీ మాటకు అంత చిన్న ఉపసర్గ చాలిందంటే నాకే జాలేసింది.

పదవిలో ఉండగానే జవాబు రాయగలరు.

ఇట్లు,
మీ ఆర్ఖొమెనొస్
(అంటే "ఏలబడేవాడు". "మొదలుపెడుతున్నవాడు" అని కూడా అర్థముంది, అది మీరు పట్టించుకోకండి.)