ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ చాలు: వర్చువలైజేషన్‌పై తిరుగుతున్న సందేశానికి జవాబు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో, సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నంలో, ఇటు గుణుపురం, రాయగడ దాకా కంప్యూటర్ చదువు చదివే పిల్లల ఫోన్లలో పదిహేను రోజులుగా ఒక తెలుగు సందేశం తిరుగుతోంది. ‘సర్వర్ వర్చువలైజేషన్ గురించి ఎవరూ చెప్పని నిజాలు’ అని పైన పెద్ద అక్షరాలు, కింద అయిదు వాక్యాలు, చివర ఒక శిక్షణ కోర్సు ఫీజు వివరాలు. మా వీధిలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి అది నమ్మింది. ఫీజు కోసం వాళ్ళ అమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టడానికి సిద్ధపడిందని తెలిసి నాకు నిద్ర పట్టలేదు. ఈ ఊళ్ళో పన్నెండేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను, సాయంత్రాలు పిల్లలకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చెబుతున్నాను. ఆ అయిదు వాక్యాల్లో ఏది ఎంత తప్పో విడమరిచి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. జనం మాట్లాడే తెలుగులోనే చదువు సాగాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆ తెలుగులోనే పిల్లలను బెదరగొడితే జవాబూ ఆ తెలుగులోనే ఉండాలి.

ముందు అసలు విషయం. సర్వర్ అంటే ఇతర కంప్యూటర్లు అడిగినదానికి బదులిచ్చే కంప్యూటర్. పరీక్షా ఫలితాల పేజీ, రైలు టికెట్, బ్యాంకు ఖాతా వంటివన్నీ ఎక్కడో ఒక సర్వర్ నుంచే వస్తాయి. పూర్వం ఒక్కో పనికి ఒక్కో పెట్టె కొనేవారు. మెయిల్‌కు ఒకటి, లెక్కలకు ఒకటి. వాటిలో చాలా భాగం రోజంతా ఖాళీగా కూర్చునేవి, కరెంటు మాత్రం తాగేవి. వర్చువలైజేషన్‌లో హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క పెట్టెలోని ప్రాసెసర్ సమయాన్నీ, ర్యామ్‌నూ, డిస్కునూ, నెట్‌వర్క్‌నూ పంచి కొన్ని వర్చువల్ మెషిన్లను నడుపుతుంది. వాటినే అందరూ వీఎంలు అంటారు. ప్రతి వీఎం తానే ఒక పూర్తి కంప్యూటర్‌నని అనుకుంటుంది. దానిలో వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. అది తన హార్డ్ డిస్క్ అనుకునేది నిజానికి సాధారణంగా అసలు డిస్కు మీద ఒక పెద్ద ఫైలు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, కింద దానితో పని ఉంది.

సందేశంలో మొదటి వాక్యం: ‘లక్షల రూపాయల సర్వర్ లేనిదే వర్చువలైజేషన్ నేర్చుకోవడం అసాధ్యం.’

1999 నుంచీ ఈ మాట అబద్ధమే. ఆ ఏడాది వీఎంవేర్ సంస్థ మామూలు పర్సనల్ కంప్యూటర్ మీద వీఎంలు నడిపే వర్క్‌స్టేషన్ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. అప్పటి ప్రాసెసర్లలో ఈ పనికి తగిన ఏర్పాటు లేకపోవడంతో, వీఎం ఇచ్చే ఇబ్బందికరమైన ఆదేశాలను సాఫ్ట్‌వేరే అప్పటికప్పుడు మార్చి రాసేది. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ఆ ఏర్పాటును ప్రాసెసర్‌లోనే పెట్టడం మొదలుపెట్టాయి. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లినక్స్ కెర్నెల్‌లోనే, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోనే, భాగమైంది. వీఎంలు నడిపే మరో సాఫ్ట్‌వేర్ వర్చువల్‌బాక్స్‌కు డబ్బు కట్టనక్కరలేదు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితం.

ఆ అమ్మాయి వాళ్ళ అన్నయ్య వాడి వదిలేసిన కంప్యూటర్ చూశాను. ఇంటెల్ నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. సందేశం రాకముందే ఆమె వర్చువల్‌బాక్స్ పెట్టి ప్రయత్నించింది. వీఎం మొదలవకుండానే ఎర్ర గుర్తుతో ఆగిపోయింది. తర్వాత ఈ సందేశం చూసి, ‘మన పెట్టెకు అంత శక్తి లేదు’ అనుకుంది. నేను విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ వివరాలు చూపించాను. కింద చిన్న అక్షరాల్లో వర్చువలైజేషన్ పక్కన డిజేబుల్డ్ అని ఉంది. లోపమంతా అదే. కంప్యూటర్ ఆపి, తిరిగి వెలిగేటప్పుడు బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్ళాం. బాణం గుర్తుల మీటలతో ఒక్కో వరుస దిగుతూ ఆమే వెతికింది. ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అన్న వరుస దగ్గర ఆగి, ఎనేబుల్డ్ చేసి, ఎఫ్10 నొక్కి భద్రపరిచింది. ఏఎండీ ప్రాసెసర్ అయితే అక్కడ ఎస్‌వీఎం మోడ్ అని ఉంటుంది. పావుగంట తర్వాత నల్లటి తెర మీద డెబియన్ లినక్స్ లాగిన్ అడిగింది. ‘బాబాయ్, ఇది మా పాత పెట్టేనా?’ అంది.

లెక్క ఇలా వేసుకున్నాం. విండోస్‌కు సుమారు 3 జీబీ పోతుంది. కిటికీలు, బొమ్మలు లేని డెబియన్ వీఎంకు 1 జీబీ చాలు. అటువంటివి రెండు పెట్టినా ఊపిరాడేంత చోటు మిగులుతుంది. ఒకదానిలో వెబ్ సర్వర్, మరొకదానిలో డేటాబేస్. ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేయడంలోనే తొలి నెల చదువంతా ఉంది. సందేశంలో కాస్త నిజం ఉంటే అది ఇక్కడే: 4 జీబీ ర్యామ్‌తో పని కష్టం, తిరిగే డిస్కు మీద రెండు వీఎంలు ఒకేసారి లేస్తే ఓపిక పట్టాలి. దానికి మందు ఇంకొక ర్యామ్ చిప్పు, తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, అంటే ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ. లక్షల రూపాయల సర్వర్ కాదు.

రెండోది: ‘ఒక సర్వర్‌ను నాలుగు వీఎంలు చేస్తే నాలుగింతల శక్తి వస్తుంది.’

పెళ్ళి భోజనాలు తలచుకోండి. చాపలు వంద మందికే వేసినా మూడు బంతుల్లో మూడు వందల మంది తిని లేస్తారు. చాపలు పెరగలేదు, ఖాళీ అయిన చోటునే మళ్ళీ మళ్ళీ వాడుకున్నాం. ప్రాసెసర్ విషయంలో హైపర్‌వైజర్ చేసేది ఇదే. ఒక వీఎం ఎదురుచూస్తూ ఊరుకున్న క్షణంలో ఆ కోర్‌ను (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాన్ని) మరొక వీఎంకు ఇస్తుంది. అందరూ ఒకే బంతికి ఎగబడితే మాత్రం వాకిట్లో వరుస కడతారు. నాలుగు వీఎంలూ ఒకేసారి పూర్తి వేగం కోరితే ఒక్కోదానికి దక్కేది తక్కువే.

ర్యామ్ సంగతి వేరు. అది వండిన అన్నం లాంటిది. ఎవరి విస్తట్లో పడింది వారిదే. ఒక వీఎం వాడని ర్యామ్‌ను వెనక్కి తీసుకుని మరొకదానికిచ్చే ఉపాయాలు హైపర్‌వైజర్లలో ఉన్నాయి, అయితే నిజంగా వాడుతున్నదాన్ని మించి పంచితే డిస్కును ర్యామ్‌లా వాడుకోవాల్సి వస్తుంది, అప్పుడు అన్నీ కలిసి కుంటుతాయి. కొత్తగా నేర్చుకునేవారికి ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇదే. వర్చువలైజేషన్ వల్ల కలిసివచ్చేది కొత్త శక్తి కాదు, వృథాగా పోతున్న శక్తి.

మూడో వాక్యం: ‘స్నాప్‌షాట్ ఉంటే బ్యాకప్ అవసరం లేదు.’ ఇది నమ్మినవారు నష్టపోవడం నా కళ్ళతో చూశాను కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

స్నాప్‌షాట్ తీసిన క్షణాన హైపర్‌వైజర్ వీఎం డిస్కు ఫైలును అక్కడితో మూసేస్తుంది. ఆ తర్వాత వీఎం రాసే మార్పులన్నీ పక్కన తెరిచిన కొత్త ఫైలులోకి పోతాయి. ఆవర్జా పుస్తకం మూసిపెట్టి, ఇవాళ్టి నుంచి దిద్దుబాట్లు మాత్రం చిత్తు కాగితం మీద రాస్తున్నట్లు. వెనక్కి పోవాలంటే చిత్తు కాగితం చించేస్తే సరి. అందుకే ఏదైనా కొత్త ప్రయోగం చేసే ముందు స్నాప్‌షాట్ ఎంతో అక్కరకొస్తుంది. కానీ ఆవర్జా పోయి చిత్తు కాగితాలు మిగిలితే ఎవరికి ఉపయోగం?

మాకు దగ్గరలోని ఒక ధాన్యం వ్యాపారి తన లెక్కల సాఫ్ట్‌వేర్‌ను వీఎంలో నడిపేవారు. ఏడు స్నాప్‌షాట్లు పెట్టుకుని నిశ్చింతగా ఉన్నారు. స్నాప్‌షాట్లు ఊరుతూ పోయి ఒకరోజు డిస్కు నిండి వీఎం ఆగిపోయింది. చోటు చేద్దామని వాళ్ళ అబ్బాయి ఆ ఫోల్డర్ తెరిచాడు. అన్నిటికన్నా పెద్ద ఫైలు, దాని తేదీ చూస్తే ఎనిమిది నెలల కిందటిది. పాత చెత్త అనుకున్నాడు. ఇంత పెద్దది రీసైకిల్ బిన్‌లో పట్టదు, శాశ్వతంగా పోతుంది అని విండోస్ హెచ్చరిస్తే సరే అని నొక్కాడు. అదే అసలు డిస్కు ఫైలు. మొదటి స్నాప్‌షాట్ నాడు మూసిన ఫైలులో ఆ తర్వాత ఏమీ రాయరు కాబట్టే తేదీ పాతది. నేను వెళ్ళేసరికి ఏడు చిన్న ఫైళ్ళు వరుసగా ఉన్నాయి, వాటిలో ఏదీ తెరుచుకోదు. కాగితం బిల్లులు దగ్గర పెట్టుకుని ఆ తండ్రీకొడుకులు మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని లెక్కలన్నీ మళ్ళీ ఎక్కించారు. ఆ అబ్బాయిని నేను తప్పుపట్టలేను. స్నాప్‌షాటే బ్యాకప్ అని అతనికి ఎవరో నమ్మకంగా చెప్పారు.

పైగా స్నాప్‌షాట్లు ఉండేది వీఎం ఉన్న డిస్కులోనే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను ముంచినప్పుడు, నీళ్ళలో నానిన కంప్యూటర్లు నా దగ్గరికి బస్తాల్లో వచ్చాయి. డిస్కు పోతే స్నాప్‌షాటూ దానితోనే పోతుంది. వీఎంను ఆపి, ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును వేరే డిస్కులోకి తీసి, ఆ డిస్కును వేరే ఇంట్లో పెడితే అది బ్యాకప్. దాన్ని ఇంకొక కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూసుకోవాలి కూడా.

ఆ వాక్యానికి ఒక తోక ఉంది: ‘వీఎంలోకి వచ్చిన వైరస్ బయటికి రాదు.’ చాలావరకు రాదు, నిజమే. ఆ గోడ బలమైనదే కానీ అభేద్యం కాదు. వీనమ్ అని పేరుపెట్టిన లోపం 2015లో బయటపడింది. ఎవరూ వాడని ఫ్లాపీ డిస్క్ కోసం రాసిన కోడ్‌లో ఉన్న తప్పు వల్ల వీఎం లోపలినుంచి హైపర్‌వైజర్ మీదికే దాడి చేసే వీలు ఏర్పడింది. 2023 ఫిబ్రవరిలో ఒక ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వీఎంవేర్ వారి ఈఎస్‌ఎక్స్‌ఐ హైపర్‌వైజర్ నడిచే సర్వర్లపై పడి, వీఎంల ఫైళ్ళకే తాళం వేసింది. ఆ దాడికి దారి అని చెప్పిన లోపానికి మందు రెండేళ్ళ ముందే విడుదలైంది, వేసుకోనివారు చిక్కుకున్నారు. ఇంట్లో నేర్చుకునేవారికీ ఇది వర్తిస్తుంది. హోస్ట్‌తో, అంటే వీఎంను నడిపే అసలు కంప్యూటర్‌తో, ఫోల్డర్ పంచుకుంటూ, తెలియని ఫైళ్ళను వీఎంలో ధీమాగా తెరవకండి.

నాలుగోది: ‘క్లౌడ్, కంటైనర్లు వచ్చాక వీఎంలు పాతబడ్డాయి.’ లక్షలు పోసి సర్వర్ కొనాలన్న మొదటి వాక్యానికి ఇది ఎలా అతుకుతుందో సందేశం రాసినవారే చెప్పాలి.

వయసు అడిగితే, ఈ ఆలోచన పాతదే. ఐబీఎం 1972లోనే తన పెద్ద కంప్యూటర్లకు వీఎం/370 ప్రకటించింది. కానీ క్లౌడ్, అంటే ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్లు అద్దెకిచ్చే ఏర్పాటు, నిలబడింది దీని మీదే. అమెజాన్ 2006లో ఈసీ2 అనే తన క్లౌడ్ సేవ మొదలుపెట్టినప్పుడు జెన్ అనే హైపర్‌వైజర్ మీద వీఎంలనే అద్దెకిచ్చింది. 2017 నుంచి కేవీఎం ఆధారంగా కట్టిన నైట్రో అనే హైపర్‌వైజర్‌కు మారుతూ వచ్చింది. ఇవాళ క్లౌడ్‌లో ఒక సర్వర్ తీసుకుంటే చేతికి వచ్చేది సాధారణంగా ఒక వీఎం.

కంటైనర్ల సంగతికొస్తే, 2013లో వాటిని తయారుచేసి నడిపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక అవి బాగా వాడుకలోకి వచ్చాయి. వీఎం అంటే వేరే వాకిలి, వేరే వంటగది ఉన్న వాటా. కంటైనర్ అంటే ఉమ్మడి ఇంట్లో ఒక గది, పొయ్యి అందరిదీ ఒకటే. ఆ పొయ్యి పేరు కెర్నెల్. అందుకే కంటైనర్ తేలిక, క్షణాల్లో లేస్తుంది. అందుకే లినక్స్ కంటైనర్‌కు అడుగున లినక్స్ కెర్నెల్ ఉండి తీరాలి. విండోస్ కంప్యూటర్‌లో డాకర్‌తో లినక్స్ కంటైనర్ నడిపితే, మీకు కనబడకుండా కింద ఒక లినక్స్ వీఎం నడుస్తూనే ఉంటుంది. రెండూ పక్కపక్కనే బతుకుతున్నాయి, ఒకటి తెలిస్తేనే రెండోది సులువుగా అర్థమవుతుంది.

ఇక అయిదోది: ‘ఇంగ్లీషు బాగా రానివారు, ఇంజనీరింగ్ చదవనివారు ఈ జోలికి రావద్దు.’ నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు మోస్తూ పెరిగిన పిల్లలు వీళ్ళు. ఇంకో ఇరవై మాటలు వీళ్ళకు బరువా?

ఆ అమ్మాయి కమ్మలు వాళ్ళ అమ్మ చెవులకే ఉన్నాయి. మొన్న తన నోటుపుస్తకం తెచ్చి చూపించింది. ఎడమవైపు తెర మీద కనిపించే మాట, కుడివైపు తన మాట. హోస్ట్ పక్కన ‘ఇంటివారు’ అని రాసింది. గెస్ట్, అంటే వీఎం, పక్కన ‘చుట్టం’. స్నాప్‌షాట్ దగ్గర ‘చిత్తు కాగితం, బ్యాకప్ కాదు’ అని రాసి కింద రెండు గీతలు గీసింది. హైపర్‌వైజర్ పక్కన ముందు ‘యజమాని’ అని రాసి, కొట్టేసి, ‘వడ్డించేవారు’ అని దిద్దుకుంది.