రేగడి లోతు రాయని భూసార కార్డు

మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దులో దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు చాలా ఇళ్లలో సాత్‌బారా (మహారాష్ట్ర భూమి రికార్డు) కాగితాల మధ్య భూసార కార్డు కూడా ఒకటి మడతపెట్టి ఉంటుంది. 2015 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలుపెట్టిన పథకం అది. కార్డులో పన్నెండు అంశాలుంటాయి: ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. అన్నీ తెలుసుకోవలసినవే. కానీ పరీక్షకు మట్టి తీసేది పై 15 సెంటీమీటర్ల నుంచి. అంటే జానెడు లోతు కూడా కాదు. పైగా వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు ఒక నమూనా చాలన్నారు. ఆ లెక్కన మీ కార్డులో ఉన్న మట్టి మీ పక్క చేనుది కూడా కావచ్చు.

నల్లరేగడి గుణమంతా ఆ జానెడు కిందే ఉంటుంది. నాందేడ్, యవత్మాల్, చంద్రపూర్ జిల్లాల్లో వాన మీద ఆధారపడిన రైతుకు ఏ పంట గట్టెక్కుతుంది, ఏది ముంచుతుంది అన్నది చాలావరకు మట్టి లోతును, కింది పొరల తీరును బట్టే తేలుతుంది. ఎరువుల లెక్క ఆ తర్వాతి సంగతి. ఆ లోతు రాయకుండా ఇచ్చే సలహా సగం సలహానే అని నేనంటాను.

జేసీబీ కొత్తగా తవ్విన చేనుకుంట ఏదైనా ఉంటే, ప్లాస్టిక్ పరదా పరచకముందే దిగి దాని గోడ చూడండి. పైన 15, 20 సెంటీమీటర్లు గుంటుక తిరిగిన మట్టి. ఎండాకాలంలో ఇది జొన్న గింజల్లా పలుకులు పలుకులుగా విడిపోతుంది. దున్నినా దున్నకపోయినా తడుస్తూ ఆరుతూ తనంతట తనే గుల్లబడుతుంది. దాని కింద 40, 50 సెంటీమీటర్ల వరకు గట్టి పెళ్లలు, వాటి సందుల్లోంచి దిగే నెర్రెలు. మంచి రేగడిలో వేసవి నెర్రె మీటరు లోతుకు పోవడం మామూలే.

ఇంకా కింద అసలు రేగడి మొదలవుతుంది. ఇక్కడ పెళ్లలు నిటారుగా ఉండవు. ఒక కొస సన్నబడి, ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. ఒకదాన్ని చేత్తో ఊడదీసి ఎండకు తిప్పితే దాని ముఖం నున్నగా మెరుస్తుంది. మీద సన్నటి గీతలు కనిపిస్తాయి. తడిసిన బంకమట్టి ఉబ్బింది, పక్కకు జరగడానికి చోటు లేదు, పెళ్ల మీద పెళ్ల ఒరుసుకుంటూ జారింది. ఆ ఒరిపిడి గుర్తులే ఇవి. మట్టి శాస్త్రంలో స్లికెన్‌సైడ్స్ అంటారు. బంకమట్టి 30 శాతానికి తగ్గకుండా ఉండి, నెర్రెలు ఏటేటా తెరుచుకుంటూ మూసుకుంటూ, లోపల ఇలా జారిన ఆనవాళ్లుంటేనే ఆ నేలను వర్టిసాల్‌గా లెక్కిస్తారు. పైకి నల్లగా కనబడినంత మాత్రాన సరిపోదు.

ఆ కింద తెల్లటి సున్నపు గుళికలు మొదలవుతాయి. పలచటి ఆసిడ్ చుక్క వేస్తే బుసబుసమని పొంగుతాయి. ఇంకాస్త దిగితే పసుపు, బూడిద రంగులు కలిసిన మొరం, అంటే సగం మట్టిగా మారిన రాయి. దాని కింద గడ్డపార దిగని నల్లరాయి. ఇదంతా కలిపి ఒకచోట రెండు మీటర్లుండొచ్చు. అదే ఊళ్లో గట్టు వైపు చేనులో 30 సెంటీమీటర్లకే మొరం తగులుతుంది. పైనుంచి చూస్తే రెండు చేలూ నలుపే. కార్డులో రెండింటికీ దాదాపు అవే అంకెలు: ఉదజని సూచిక ఎనిమిది దగ్గర, నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ.

నలుపు చూసి నేలలో సేంద్రియ పదార్థం బాగా ఉందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది భ్రమ. చాలా రేగడుల్లో సేంద్రియ కర్బనం 0.6 శాతం లోపే. ఉన్న ఆ కాస్తా స్మెక్టైట్ అనే బంకమట్టి రేణువులను గట్టిగా పట్టుకుని ఉండడం వల్ల నేల అంత నల్లగా కనబడుతుంది.

సరిహద్దు అంచున ఈ తేడాలు ఇంకా ఎక్కువ. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగి గడ్డకట్టిన దక్కన్ లావా ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లలో పరుచుకుని ఉంది. నాందేడ్ జిల్లా దక్షిణపు కొసకు వచ్చేసరికి, దెగ్లూరు, బిలోలి వైపు, ఆ పరుపు పలచబడి కింది గ్రానైట్ బయటపడుతుంది. అందుకే ఒకే రోడ్డు మీద పోతుంటే కాసేపు నల్లరేగడి చేలు, కాసేపటికి గుండ్ల మధ్య ఎర్ర చెలకలు. రాజురా, కోర్పనా వైపు వెళ్తే రేగడి కింద సున్నపురాయి ఉంటుంది. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికి వచ్చింది దానికోసమే. సిరోంచ చేరేసరికి కింద ఇసుకరాయి. కిన్వట్, రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లా తాలూకాలు. ముధోల్ అప్పట్లో నాందేడ్‌లో ఉండేది. తాలూకాలు అటూ ఇటూ మారినా వియ్యాలు మారలేదు కాబట్టి సేద్యం సలహాలు నేటికీ చుట్టరికం దారినే వస్తాయి. భైంసాలో బావమరిది ఏ పత్తి విత్తనం వేస్తే ఇక్కడ బావ అదే వేస్తాడు. ఆయన చేను కింద మీటరున్నర రేగడి ఉంది, ఈయన చేను కింద జానెడున్నరకే మొరం ఉంది. ఆ సంగతి ఫోన్లో ఎవరూ అడగరు.

నీటి విషయానికి వస్తే రేగడికి రెండు ముఖాలు. తొలకరి వాన నెర్రెల్లోకి నేరుగా దిగిపోతుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ రేగడి చేలలో కొలిచినప్పుడు మొదటి అరగంటలో నీళ్లు గంటకు 70 మిల్లీమీటర్లకు పైబడిన వేగంతో ఇంకాయి. మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుపోయాక అదే నేల గంటకు పావు మిల్లీమీటరు కూడా తాగలేదు. పక్కనే ఎర్రనేల మాత్రం పూర్తిగా తడిశాక కూడా గంటకు ఏడెనిమిది మిల్లీమీటర్లు తాగుతూనే ఉంది. అంటే జూన్‌లో పడిన వాన రేగడిలో నిల్వ అవుతుంది, ఆగస్టులో పడిన భారీ వాన చేలో నిలబడి వేళ్లను కుళ్లబెడుతుంది, లేకపోతే పైమట్టిని పట్టుకుని వాగులో పడుతుంది. పదును దొరికేది కూడా రెండు మూడు రోజులే. నిన్న బురద, రేపు రాయి. విత్తనం ఆ మధ్యలో పడాలి. ట్రాక్టర్ కిరాయికి దొరకని రైతుకు ఆ రెండు రోజుల టెన్షన్ మామూలుది కాదు.

ఇందుకు ఇక్రిశాట్ 1970ల నుంచీ చెబుతున్న వెడల్పు మడి, కాలువ పద్ధతి ఉంది. మీటరు వెడల్పు మడి, అర మీటరు కాలువ, కొద్దిపాటి వాలు. మహారాష్ట్రలో సోయాకు దీన్ని బాగానే ప్రచారం చేశారు. లోతైన రేగడిలో ఇది నిజంగా పనిచేస్తుంది, ఎక్కువైన నీళ్లు కాలువ గుండా పోతాయి. మొరం మీద సన్నటి మట్టి ఉన్న చేనులో నీళ్లు నిలిచే బాధే తక్కువ. అక్కడ అసలు బాధ బెట్ట. రెండు చోట్లా ఒకే యంత్రం, ఒకే సబ్సిడీ, ఒకే ఫొటో.

పత్తి లెక్క చూస్తే లోతు ఎందుకు కావాలో తెలుస్తుంది. బంకమట్టి పట్టిన నీటిలో గణనీయమైన భాగం వేళ్లకు అందదు, రేణువులే గట్టిగా పట్టుకుంటాయి. మొక్కకు దక్కేది మీటరు లోతుకు సుమారు 150 మిల్లీమీటర్లు అనుకుందాం. 45 సెంటీమీటర్ల మట్టి ఉన్న చేనులో అది 70 మిల్లీమీటర్లకు మించదు. కాయ పట్టే దశలో పత్తి రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగుతుంది. వానలు ఆగాక ఆ చేను రెండు వారాలు కాస్తుంది, అంతే. మీటరున్నర లోతున్న రేగడి అదే పైరును నెలన్నర నిలబెడుతుంది. 2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తి మన దేశంలో దాదాపు అంతా హైబ్రిడ్‌ల రూపంలోనే వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం 160 నుంచి 180 రోజుల పంట. జూన్‌లో విత్తితే డిసెంబరు దాకా చేనులో ఉంటుంది. వాన మాత్రం అక్టోబరు మొదట్లోనే సెలవు తీసుకుంటుంది. పలచ నేలలో పైకాయలు గిడసబారడానికి రైతు తిట్టేది విత్తనాన్ని, పురుగుమందును. మట్టి అక్కడ అంతే ఉందన్న మాట అతనికి ముందే ఎవరూ చెప్పలేదు. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే త్వరగా కోతకొచ్చే సూటి రకాలను (హైబ్రిడ్‌లు కానివాటిని) దగ్గర దగ్గరగా వేసే పద్ధతిని ముందుకు తెచ్చింది. అది ఏ చేనుకు సరిపోతుందో తెలియాలన్నా మొదట లోతు తెలియాలి కదా.

రెండో చిక్కు సోడియం. ఇది కింది పొరల్లో నింపాదిగా పేరుకుంటుంది. వాన తక్కువైన చోట సున్నం కింది పొరల్లో గుళికలుగా పేరుకున్నకొద్దీ బంకమట్టి మీద సోడియం వాటా పెరుగుతుంది, మట్టి మెత్తబడి సందులు మూసుకుపోతాయి, నీళ్లు దిగవు. మామూలుగా సోడియం 15 శాతం దాటితే చౌడు అంటారు. విదర్భ రేగడుల్లో, ముఖ్యంగా పూర్ణా లోయలో, 5 శాతం దగ్గరే నీళ్లు దిగడం దెబ్బతింటుందని నాగపూర్ మట్టి శాస్త్రవేత్తలు చూపించారు. భూసార కార్డులో సోడియం గడి లేదు. ఉన్నా పైమట్టిలో అది కనబడదు. బోరు వేసి డ్రిప్పు పెట్టే ముందు చూసుకోవలసింది ఇదే. నీటిలో సోడియం ఉంటే పది పదిహేనేళ్లలో మంచి రేగడి కూడా చెడుతుంది. జిప్సం వేసి బాగుచేయొచ్చు, కానీ ఖర్చు చిన్నది కాదు.

ఇళ్లు కట్టేవాళ్లకు ఈ మట్టి సంగతి రైతు కంటే ముందే తెలుసు. పునాది మొరం దాకా పోకపోతే గోడ నెర్రె ఇస్తుందని ఏ మేస్త్రీ అయినా చెప్తాడు. ఒరిగిన కరెంటు స్తంభాలు, అలలు తేలిన రోడ్లు కూడా దీని పనే. ఇంటికి లోతు చూస్తాం, చేనుకు చూడం.

విచిత్రమేమంటే ఒకప్పటి ప్రభుత్వం చూసేది. రైతు మేలు కోరి కాదు, శిస్తు కోసం. బొంబాయి రెవెన్యూ సర్వే 1847 నాటి జాయింట్ రిపోర్టు ప్రకారం ప్రతి చేనును భాగాలుగా విడగొట్టి, తవ్వి, లోతును మూరల్లో కొలిచేవారు. నేలను తొమ్మిది తరగతులు చేశారు. మూరా ముప్పాతిక లోతున్న మంచి నల్లనేల పదహారణాలు. లోతు తగ్గేకొద్దీ అణాలు తగ్గేవి. సున్నపు గుళికలుంటే, ఇసుక కలిస్తే, వాలుంటే, నీళ్లు నిలిస్తే ఒక్కోదానికి ఒక గుర్తు వేసి మరింత తగ్గించేవారు. ఆ పద్ధతే బీరార్‌కు (నేటి పశ్చిమ విదర్భ), తర్వాత నిజాం రాజ్యంలోని మరాఠ్వాడాకూ వచ్చింది. నేటి సాత్‌బారాలో ఆకార్ అని రూపాయి పైసల్లో ఉండే గడి ఆ అణాల వారసత్వమే. తలాఠీ (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) దగ్గర ఎన్నిసార్లు ఆ కాగితం తీసుకున్నా ఆ గడిని ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు మన దగ్గర ఉపగ్రహాలున్నాయి, 1976 నుంచి నాగపూర్‌లోనే జాతీయ మట్టి సర్వే సంస్థ ఉంది, అయినా బిలోలి రైతు చేతిలో తన చేను లోతు చెప్పే కాగితం లేదు.

ఊరూరా తవ్వడం అయ్యే పనేనా అని అధికారులు అడుగుతారు. పక్క రాష్ట్రంలో అయింది. కర్ణాటకలో సుజల అనే వాటర్‌షెడ్ పథకం మూడో దశ కింద సర్వే నంబర్ల స్థాయిలో మట్టి పొరలు, లోతు, వాలు నమోదు చేసి, ఏ చేనుకు ఏ పంట నప్పుతుందో రైతులకు కార్డులిచ్చారు. అందులోనూ లోపాలుండొచ్చు. కానీ అసాధ్యం అన్న మాట అక్కడితో తీరింది. మహారాష్ట్రలో అయితే సగం పని తవ్వకం దాకా వచ్చి ఆగింది. అడిగినవారికి చేనుకుంట అంటూ 2016లో మొదలైన పథకం కింద, ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో వచ్చిన పోక్రా (వాతావరణ మార్పును తట్టుకునే సేద్యం పథకం) కింద ఎన్నో కుంటలు తవ్వారు. ప్రతి కుంటా మూడు మీటర్ల లోతున మట్టిని నిలువునా కోసి చూపించిన గోడే. పరదా వేసే ముందు కృషి సహాయకుడు టేపు పట్టుకుని మూడు అంకెలు రాసుకుంటే చాలు: మొరం ఎంత లోతులో తగిలింది, సున్నం ఎక్కడ మొదలైంది, మెరిసే పెళ్లలు ఎక్కడున్నాయి. కింది పొర మట్టి పిడికెడు తీసి ల్యాబుకు పంపితే సోడియం కూడా తేలుతుంది. బిల్లు కోసం కుంట కొలతలు ఎలాగూ రాస్తున్నారు కదా.

తెలంగాణ వైపు పాఠకులకు ఇదంతా పక్క రాష్ట్రం గొడవ అనిపించొచ్చు. కానీ 112 టీఎంసీలతో కట్టిన శ్రీరాంసాగర్ నిల్వ సామర్థ్యం పూడికతో 80 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. ఆ పూడికలో గోదావరి, మంజీర మోసుకొచ్చిన నాందేడ్ వైపు పైమట్టి కూడా ఉంది. ఎంత పోయిందో చేను వారీగా చెప్పగలిగే లెక్క ఒకటి వెతికితే దొరకొచ్చు. పాత సర్వే వర్గీకరణ రిజిస్టర్లు భూరికార్డుల ఆఫీసుల్లో ఎక్కడెక్కడ మిగిలి ఉన్నాయో చూసి, వాటిలో లోతు మూరల్లో రాసి ఉన్న సర్వే నంబర్లను ఎంచుకుని, అక్కడే మళ్లీ గడ్డపార దించాలి. దెగ్లూరు తాలూకాలో పాతిక చేలతో మొదలుపెట్టినా చాలు, వందేళ్లకు పైబడిన కాలంలో రేగడి ఎన్ని అంగుళాలు తరిగిందో మొదటిసారి అంకెల్లో చూడొచ్చు.