తమలపాకు తీగకు కుండీ మార్చేటప్పుడు
తమలపాకు తీగను చిన్న కుండీ నుంచి నేరుగా పెద్ద తొట్టెలోకి మార్చవచ్చని ఈ తీగ పెంపకం గురించి నేను చదివిన ఒక వ్యాసంలో సూచించారు. వానాకాలమంతా తేమ వదలని పర్లాకిమిడి వంటి మా ఒడిశా సరిహద్దు ఊళ్లలో ఈ సలహా అంతగా పనికిరాదు. వేళ్లు ఇంకా అల్లుకోని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండిపోవడం వల్ల మొదలు కుళ్లు తెగులు సులువుగా సోకుతుంది. పాత కుండీ కంటే రెండంగుళాల వెడల్పు ఎక్కువున్నది చాలు. ఎర్రమట్టిలో ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. పచ్చి పేడ బలమని వేసేవారు మా వైపు ఇప్పటికీ ఉన్నారు, ఎంత చెప్పినా వినరు.

వ్యాసం అసలు ప్రస్తావించని విషయం ఊతకర్ర. ప్రతి కణుపు దగ్గరా పుట్టే పొట్టి వేళ్లు కర్రను గట్టిగా కరుచుకొని ఉంటాయి కాబట్టి, తీగను లాగి విడదీస్తే అవి తెగిపోయి ఆకులు వాడిపోతాయి. కర్రతో సహా మట్టిముద్దను ఎత్తి కొత్త కుండీలో దించడం మేలు. కర్రకు కొబ్బరి పీచు చుట్టి అప్పుడప్పుడు తడుపుతుంటే కొత్త వేళ్లు త్వరగా పట్టుకుంటాయి. మార్చిన తరువాత కొన్నాళ్లు నీడలో ఉంచి, కొత్త చిగురు వచ్చాకే ఎరువు వేయాలి. శ్రావణమాసపు పేరంటాలకు ఆకు కోయదలచినవారు తొలకరికే ఈ పని ముగించాలి. అప్పటికి కుదరకపోతే పండుగలయ్యేదాకా కుండీని కదపకపోవడమే నయం.