మొండి కుజుడు

మా బావమరిది ఫోన్ నంబరు మార్చాడు. పాత నంబరు అంకెలన్నీ ఒక్కంకె మిగిలేదాకా కూడితే ఎనిమిదట, అంటే శనిట. మా విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక సంఖ్యాశాస్త్ర మహనీయుడు కనిపెట్టాడు.

అంతటి విద్వాంసుణ్ని చూడకపోతే పాపమని నేనూ వెళ్లాను. చీటీ మీద 87539319 అని రాసిచ్చాను. అల్లాటప్పా సంఖ్య కాదది. రామానుజన్ గారి 1729 తెలుసుగా, రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా వస్తుంది. మూడు రకాలుగా వచ్చేవాటిలో అన్నిటికన్నా చిన్నది ఇది. 167, 436ల ఘనాలు కూడండి, ఇదే. 228, 423లవీ ఇదే. 255, 414లవీ ఇదే. 1957లో జాన్ లీచ్ అనే గణితవేత్త పట్టుకున్నాడు.

మహనీయుడు కాలిక్యులేటర్ నొక్కాడు. "నలభై ఐదు... తొమ్మిది. కుజుడండీ. ఇంట్లో గొడవలా?"

ఉన్నాయన్నాను. ఎవరింట్లో లేవు?

"ఆఖరి రెండంకెలూ అటూ ఇటూ చెయ్యండి, శాంతిస్తాడు."

చేశాను. 87539391. కూడాడు. తొమ్మిది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ కూడాడు. తొమ్మిదే. "ఏటండీ ఇది" అని కాలిక్యులేటర్ పక్కన పడేసి వేళ్లమీద లెక్కెట్టాడు. కుజుడు కదిలితే ఒట్టు. "మీవాడు చాలా మొండివాడండీ" అని వెయ్యినూటపదహార్లు పుచ్చుకున్నాడు.

అంకెలు కూడుకుంటూ పోవడమంటే తొమ్మిదితో భాగించి శేషం చూడటమే. సున్నా మిగిలితే తొమ్మిదంటారు. వరస మారిస్తే శేషం మారదు. మన 530001 పిన్‌కోడూ తొమ్మిదే, వన్‌టౌన్ మొత్తానికి కుజదోషం! సింహాచలం వెళ్లే బస్సు నంబరు 28 కూడితే ఒకటి, అంటే సూర్యుడు. అందుకే కాబోలు అందులో ఆ ఉక్క.

నవ్వుకుని వదిలేద్దును. కానీ మా బావమరిది కూతురు ఇంటర్ చదువుతోంది. అంకెలు కూడితే శేషమెందుకొస్తుంది సార్ అని కాలేజీలో అడిగిందట. "ఈఏపీసెట్‌లో రాదు, కూర్చో" అన్నాడట ఆ సారు.

జవాబు ఇంతే. పది అంటే తొమ్మిదీ ఒకటీ. వందంటే తొంభైతొమ్మిదీ ఒకటీ. వెయ్యంటే తొమ్మిదివందల తొంభైతొమ్మిదీ ఒకటీ. తొమ్మిదులన్నీ ఊడ్చేస్తే మిగిలేది అంకెల మొత్తమే. సుద్దముక్కా, రెండు నిమిషాలూ చాలు! లక్షలు కట్టించుకుని, తెల్లారకుండా పిల్లల్ని లేపి రుబ్బుతారే, ఒక్క పిల్ల నోరు తెరిచి "ఎందుకు" అంటే కూర్చోబెడతారా? సిగ్గులేదూ? ఎంవీపీ కాలనీ ఆయనే నయం, రెండుసార్లు కూడి చూశాడు.

ఆ ఫీజు కట్టిందీ, ఈ నంబరు మార్చిందీ మా బావమరిదే. ఇవాళా బ్యాంకులోనే ఉన్నాడు. కొత్త నంబరు ఎక్కించాలంటే పాత నంబరుకొచ్చిన ఓటీపీ చెప్పమంటున్నారట.