ఐర్లాండ్ తీరంలోని చిన్న దీవులకు వెళితే 84,000 యూరోలు ఇస్తారా?

"ఐర్లాండ్ దీవులన్నీ పందొమ్మిదో శతాబ్దపు మహాక్షామంలోనే ఖాళీ అయిపోయాయి, ఇప్పుడు అక్కడ కాపురం పెట్టేవారు ఎవరైనా సరే ఆ ప్రభుత్వం 84,000 యూరోలు, అంటే సుమారు 75 లక్షల రూపాయలు, వీసాతో సహా ఇస్తుంది" అన్న సందేశం 2023 నుంచి అనేక భాషల్లో తిరుగుతోంది. ఇందులో అంకె ఒక్కటే నిజం.

ముందు డబ్బు సంగతి చూద్దాం. 2023 జూన్‌లో ఐర్లాండ్ ప్రభుత్వం ప్రకటించిన దీవుల విధానంలో, దేశమంతటా అప్పటికే అమలులో ఉన్న ఇళ్ల మరమ్మతు సాయాన్ని దీవులకు 20 శాతం పెంచారు. ఖాళీ ఇంటికి 60,000 యూరోలు, శిథిలమైన ఇంటికి 84,000 యూరోలు గరిష్ఠ పరిమితి. ఇల్లు 2008కి ముందు కట్టినదై, రెండేళ్లకు పైగా ఖాళీగా ఉండాలి. దరఖాస్తుదారు దాన్ని సొంతం చేసుకోవాలి. పనులు పూర్తయి స్థానిక సంస్థ తనిఖీ చేశాకే సొమ్ము అందుతుంది. పదేళ్లలోపు అమ్మితే మొత్తమో కొంత భాగమో తిరిగి చెల్లించాలి. ఇది ఇంటికి ఇచ్చే సాయమే గాని వలస వచ్చినందుకు ఇచ్చే బహుమానం కాదు. దీనితో వీసా రాదు. భారతీయులకు మామూలు ఉద్యోగ అనుమతి నిబంధనలే వర్తిస్తాయి.

చరిత్ర విషయంలో ఆ సందేశం చేసిన పొరపాటు ఇంతకన్నా పెద్దది. క్షామం వేలమందిని వెళ్లగొట్టిన మాట నిజమే గాని, దీవులను ఒక్కసారిగా ఖాళీ చేయలేదు. డొనెగల్ తీరంలోని అరన్‌మోర్‌నే తీసుకుంటే, ఆ రోజుల్లో దీవిని కొన్న జాన్ స్టూప్ చార్లీ అనే భూస్వామి అనేక కౌలు కుటుంబాలను వెళ్లగొట్టాడు. వాళ్లలో కొందరు చివరికి అమెరికాలో మిషిగన్ సరస్సులోని బీవర్ దీవికి చేరారు. అక్కడ ఒక మతవర్గానికి నాయకుడై తనను తాను రాజుగా ప్రకటించుకున్న జేమ్స్ స్ట్రాంగ్ 1856లో హత్యకు గురై, అతని అనుచరులను అక్కడి నుంచి తరిమేశాక, ఆ స్థలంలో స్థిరపడినవారిలో అరన్‌మోర్ వారే ఎక్కువ. ఒక దీవిని పోగొట్టుకున్నవారు వెతికి మరీ మరో దీవిలో చేపలు పట్టుకుంటూ బతకడం ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే సంగతి. ఆ రెండు దీవులు 2000లో జంట దీవులుగా ప్రకటించుకున్నాయి.

దీవిలో మిగిలినవారు కూడా కదలకుండా కూర్చోలేదు. ఏటా స్కాట్లాండ్‌కు బంగాళాదుంపలు తవ్వే పనికి వెళ్లి, శీతాకాలానికి తిరిగి వచ్చేవారు. 1935 నవంబర్ 9న అలా ఇంటికి వస్తున్నవారితో ఎదురు ఒడ్డున ఉన్న బర్టన్‌పోర్ట్ రేవు నుంచి బయలుదేరిన పడవ రాళ్లకు తగిలి మునిగి, 20 మందిలో 19 మంది చనిపోయారు. క్షామం తరువాత ఎనభై ఏళ్లు దాటాక కూడా అక్కడ జనం ఉన్నారనడానికి, వలస అంటే వెళ్లిపోవడం మాత్రమే కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

నిజంగా ఖాళీ అయిన దీవులూ ఉన్నాయి గాని, వాటి కథ వేరు. కెర్రీ తీరంలోని గ్రేట్ బ్లాస్కెట్‌లో 1916 నాటికి 176 మంది ఉండేవారు. యువత ఏళ్ల తరబడి, ముఖ్యంగా మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు, వెళ్లిపోతూ ఉండగా, తుఫాను రోజుల్లో వైద్యుడు గాని తిండి గాని అందని స్థితిలో మిగిలిన కొద్దిమందిని 1953లో ప్రభుత్వం ఎదురుగా ఉన్న ఒడ్డుకు తరలించింది. గాల్వే తీరంలోని ఇనిష్‌షార్క్ దీవి వంతు 1960లో వచ్చింది.

ఇక "అక్కడ ఎవరూ లేరు" అన్న మాట. 2016 జనగణనలో అరన్‌మోర్ జనాభా 469, 2022లో 478. అక్కడివారు 2019లో అమెరికా, ఆస్ట్రేలియా ప్రజలకు బహిరంగ లేఖలు రాసి, దీవిలో కొత్తగా ఏర్పడిన డిజిటల్ కేంద్రం నుంచి తమ ఉద్యోగాలు చేసుకోవచ్చని ఆహ్వానించారు. ఆ పిలుపులో డబ్బు ప్రస్తావన లేదు. రావాలనుకునేవారికి నిజమైన అడ్డంకి ఇల్లు: చాలా ఇళ్లు వేసవి విడుదులుగా మారిపోయినందున, ఏడాది పొడవునా అద్దెకు దొరికేవి చాలా తక్కువ.