ఆకుపచ్చ అన్నప్రాశన

మా బాబాయి గారి కంప్యూటరులో ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉన్నది. దాని పేరు ఇక్కడ రాయను. 2014 తరువాత కొత్త కూర్పు ఏదీ తీసుకురాకుండా తయారుచేసినవారే దానికి తిలోదకాలు ఇచ్చేశారు కనుక, పోయినవారి తప్పులు ఎంచకూడదన్న మర్యాద పాటిస్తున్నాను. అది పోయిందంటే బాబాయి మాత్రం ఒప్పుకోరు. "డబ్బు పోసి కొన్నదైతే పోయిందని ఏడవాలి, ఊరికే వచ్చినది ఎక్కడికి పోతుందిరా?" అన్నది ఆయన వాదం. ఆ కంప్యూటరులో నడిచేది విండోస్ 7. దానికి 2020 జనవరి 14తో మద్దతు ఆగిపోయిన సంగతి ఆయనకు తెలియకపోలేదు. అప్‌డేట్ల బెడద వదిలి అప్పటినుంచే యంత్రం నిమ్మళంగా ఉన్నదని ఆయన పరిశీలన.

న్యాయంగా చెప్పాలంటే ఆ సాఫ్ట్‌వేర్ ఆయనకు చాలా కాలం చక్కగానే ఊడిగం చేసింది. వంకరగా వచ్చిన ధ్వజస్తంభాలను నిలబెట్టింది, ఫ్లాష్ పడి ఎర్రబడిన కళ్ళను నల్లగా మార్చింది, మా తాతగారి చెదలు తిన్న పటానికి మళ్ళీ ఒక చెవి ప్రసాదించింది. మంత్రదండం బొమ్మ ఉన్న బటన్ ఒకటి నొక్కితే మిగిలిన పనులన్నీ తనే చూసుకుంటుంది. అయితే చేరిన మొదటి రోజునే అది కంప్యూటరంతా గాలించి, బొమ్మ అన్నదల్లా పోగు చేసుకున్నది. కాశీయాత్ర ఫొటోలు చూపించమని అడిగిన చుట్టాలకు దశాశ్వమేధ ఘాట్ తరువాత గ్యాస్ పుస్తకం, విశ్వనాథుడి గోపురం తరువాత మా పిన్ని మోకాలి ఎక్స్‌రే వరుసగా దర్శనమిస్తాయి. వచ్చినవారు మర్యాదకు మోకాలిని కూడా మెచ్చుకుంటారు.

ఇటువంటి ఇంట్లో, తణుకులో, మనవడి అన్నప్రాశన జరిగింది. మగపిల్లవాడు కనుక ఆరో నెలలో ముహూర్తం పెట్టారు. మేనమామ వరుసలో హైదరాబాదు నుంచి వచ్చిన మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, తన నికాన్ జెడ్50 కెమెరా వెంట తెచ్చాడు. ఆ మోడల్ 2019లో బయటికి వచ్చింది. పిల్లవాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకోవలసినది తానే కాబట్టి కెమెరాను తండ్రి చేతిలో పెట్టి, "అన్నీ సరిచేసి ఉంచాను నాన్నా, మీరు నొక్కడమే" అన్నాడు. ఫొటోలన్నీ 'రా' (అంటే ముడి) ఫైళ్ళుగా మాత్రమే పడేటట్టు అమర్చానన్న ముక్క ఆ హడావుడిలో చెప్పలేదు. చెప్పినా బాబాయి వినే స్థితిలో లేరు, లెన్స్ మూత ఎటు తిప్పితే ఊడుతుందో చూస్తున్నారు.

పరమాన్నం ముట్టించడం పూర్తయ్యాక చాప మీద పుస్తకం, కలం, నోట్లకట్ట, బంగారు గొలుసు, చిన్న కత్తి, పూలు పెట్టి పిల్లవాడిని వదిలారు. ఏది ముందు పట్టుకుంటే ఆ దారిలో పైకి వస్తాడని నమ్మకం. అసలైన కెమెరా ఉండగా సెల్‌ఫోన్లు అడ్డు రాకూడదని బాబాయి ముందే గట్టిగా చెప్పడంతో అందరూ బుద్ధిగా ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. ఆయన చాప అంచున మోకాళ్ళ మీద కూర్చుని ముందుకు వంగారు. ఆ కీలక క్షణంలో మాకందరికీ కనబడినది ఆయన వీపు, వినబడినది కెమెరా చప్పుడు. పిల్లవాడు ఏదో పట్టుకున్నాడని మాత్రం తెలిసింది. నోట్లకట్ట అని వియ్యపురాలు, పుస్తకమని పిన్ని, కత్తి కనుక పోలీసు ఆఫీసరు అవుతాడని పిల్లవాడి తండ్రి. ఎవరి పక్షాన వారికి సాక్షులు కూడా తయారయ్యారు. "మాటలెందుకు, ఫొటోలో చూద్దాం" అని వియ్యంకుడు గారు తీర్పు చెప్పారు.

రాత్రి బస్సు ఎక్కబోతూ తమ్ముడు, "కార్డు ఇవ్వండి నాన్నా, ఆదివారం కూర్చుని అన్నీ దిద్ది పంపిస్తాను" అన్నాడు. "ఆదివారం దాకా వియ్యాలవారిని ఇక్కడే కూర్చోబెట్టమంటావా? మనకు సాఫ్ట్‌వేర్ లేదా?" అని బాబాయి ఫొటోలన్నీ తన కంప్యూటరులోకి ఎక్కించుకుని, కార్డును ఖాళీ చేసి, అద్దెకు తెచ్చిన గిన్నెలు తోమి ఇవ్వాలన్న పట్టుదలతోనే దానిని కొడుకు చేతిలో పెట్టారు.

వియ్యాలవారికి కుర్చీలు వేశారు, టీలు వచ్చాయి. బాబాయి మొదటి ఫైలు మీద రెండుసార్లు నొక్కారు. నీలం చక్రం కాసేపు తిరిగింది, తెర నిండా పిల్లవాడు ప్రత్యక్షమయ్యాడు. బుగ్గన దిష్టిచుక్క, పెదవి మీద పరమాన్నం మెతుకు, వెనుక పిన్ని ఎర్రంచు పసుపు పట్టుచీర, అన్నీ కళ్ళకు కట్టినట్టు ఉన్నాయి. అందరూ "ఆహా" అనబోయారు. ఆ మాట పూర్తయ్యేలోపు బొమ్మ ఒకసారి ఉలిక్కిపడి, మసకబారి, ఆకుపచ్చగా మారి, చెరువు అడుగున జరిగిన వేడుకలాగా నిలిచిపోయింది. రెండో ఫొటో తీశారు. అదీ ఒక్క క్షణం మిలమిల మెరిసి అదే చెరువులో మునిగింది. "మా వాడికి కామెర్లంటే పసుపు కదా వదినగారూ, పచ్చగా ఉన్నాడేమిటి?" అని వియ్యపురాలు నెమ్మదిగా అడిగారు.

ఈ వింతకు కారణం ఉన్నది. రా ఫైలు అంటే కెమెరాలోని సెన్సార్ మీద పడిన వెలుతురు లెక్కల పద్దు, ఇంకా ఫొటో కాలేదు. మామూలు ఫొటో ఫైలైన జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు ఉంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి కనుక తరువాత దిద్దుకునేవారికి అది పెన్నిధి. సెన్సార్‌కు సొంతంగా రంగు తెలియదు. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన పద్ధతి ప్రకారం దాని మీద రంగుల గళ్ళ జల్లెడ ఒకటి పరుస్తారు. ప్రతి నాలుగు గళ్ళలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మనిషి కన్ను ఆకుపచ్చను బాగా పట్టుకుంటుంది కనుక దానికి రెండు వాటాలు. ఏ రంగును ఎంత పెంచాలో, నలుపు ఏ అంకె దగ్గర మొదలవుతుందో తెలియకుండా ఆ లెక్కలను ఉన్నవున్నట్టు తెర మీద పోస్తే లోకమంతా పచ్చగానే కనబడుతుంది. ఆ వివరాలు కెమెరా మోడల్‌కొక రకంగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాటిని నేర్చుకుని ఉండాలి. బాబాయి గారి సాఫ్ట్‌వేర్ చదువు మానేసిన అయిదేళ్ళకు గానీ ఈ కెమెరా పుట్టనే లేదు.

తెలియనప్పుడు తెలియదని చెప్పి ఊరుకోవచ్చు కదా అంటారేమో. అక్కడే చిక్కు. 1999లో వచ్చిన డీ1 కెమెరా నుంచి నేటిదాకా నికాన్ రా ఫైళ్ళ తోక పేరు ఎన్ఈఎఫ్ అనే ఉన్నది. లోపలి సరుకు ఎన్నిసార్లు మారినా తోక మారలేదు. దానిని చూసి ఈ సాఫ్ట్‌వేర్ "మనవాళ్ళే" అనుకుని, తనకు తెలిసిన పాత లెక్కనే కొత్త ఫైలుకు వర్తింపజేసింది. మరి మొదట మెరిసిన ఆ అందమైన బొమ్మ ఏమిటి? కెమెరాయే స్వయంగా తయారుచేసి రా ఫైలు కడుపులో దాచిన జేపెగ్ అది. సాఫ్ట్‌వేర్ ముందు దానిని చూపించి, మనం మురిసేలోపు తన సొంత వంట వడ్డిస్తుంది.

ఉచితం కనుక ఇలా ఏడ్చిందని వియ్యంకుడు గారు అన్నారు గానీ, ఆ మాట న్యాయం కాదు. కెమెరా సంస్థలు తమ రా ఫైళ్ళ గుట్టు బయటపెట్టని రోజుల్లో డేవ్ కాఫిన్ అనే ప్రోగ్రామర్ 1997లో డీసీరా అనే చిన్న ప్రోగ్రాము మొదలుపెట్టి, 2018 దాకా వందల కెమెరాల గుట్టు విప్పి అందరికీ ఊరికే ఇచ్చాడు. ఎన్నో సాఫ్ట్‌వేర్లు, డబ్బు తీసుకునేవాటితో సహా, ఆయన పుణ్యాన బతికాయి. ఇక్కడి జబ్బు ఉచితం కావడం కాదు, ఆలనాపాలనా చూసేవారు లేకపోవడం.

బాబాయి ఈ సిద్ధాంతాల జోలికి పోలేదు. మంత్రదండం నొక్కారు. ఆకుపచ్చ వదిలి వంకాయరంగు పట్టుకున్నది. మళ్ళీ నొక్కారు. ముఖాల మీద రంగురంగుల ఇసుక రాలింది. వియ్యాలవారు టీ తాగి, తీర్పు వాయిదా వేసుకుని ఊరికి బయలుదేరారు.

మర్నాడు వీధి చివర జిరాక్సు షాపు కుర్రవాడు ఒక చిట్కా చెప్పాడు: ఫైలు పేరు చివర ఎన్ఈఎఫ్ తీసేసి, జేపెగ్‌ల తోక పేరైన జేపీజీ అని పెడితే సరిపోతుందట. బాబాయి మధ్యాహ్నం నిద్ర మానుకుని ఒక్కొక్క ఫైలుకే నామకరణం చేశారు. అలా మారిస్తే ఫైలు పనికిరాకుండా పోవచ్చునని కంప్యూటరు ప్రతిసారీ హెచ్చరించింది. ప్రతిసారీ ఆయన "అవును" నొక్కారు. అంతవరకు పచ్చగానైనా తెరుచుకున్న ఫొటోలు ఆ తరువాత అసలు తెరుచుకోవడమే మానేశాయి. సాయంత్రం ఒక్కొక్కటిగా పాత పేర్లు తిరిగి పెట్టారు. నీటిపారుదల శాఖలో తూము లెక్కలు రాసిన ఓపిక అది, మరొకరికి సాధ్యం కాదు.

తమ్ముడు ఫోనులో మంచి సలహాలే ఇచ్చాడు. అడోబీ సంస్థ 2004లో డీఎన్‌జీ అనే ఉమ్మడి రా పద్ధతిని తెచ్చింది, కొత్త ఫైళ్ళను అందులోకి మార్చే పరికరాన్ని ఊరికే ఇస్తున్నది, అది వాడమన్నాడు. దాని తాజా కూర్పు విండోస్ 7 మీద ఎక్కనన్నది. పోనీ డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది, దానిని ఇప్పటికీ శ్రద్ధగా నవీకరిస్తున్నారు అన్నాడు. దానికి 64 బిట్ల కంప్యూటరు కావాలి, బాబాయిది 32. రెండూ ఉచితమే, వాటిని మోయగల కంప్యూటరు మాత్రం ఉచితం కాదు. "కొత్త కంప్యూటరు కొనుక్కోండి నాన్నా" అన్నాడు తమ్ముడు. అటువైపు నుంచి చాలాసేపు ఏమీ వినబడకపోయేసరికి లైను తెగిందనుకున్నాడట.

అప్పుడు తట్టింది బాబాయికి అసలు ఉపాయం. ఫొటో ఒక్క క్షణం బాగుంటున్నది కదా, ఆ క్షణాన్నే సెల్‌ఫోనుతో పట్టుకుంటే? కుడిచేత్తో మౌసు, ఎడమచేత్తో ఫోను, తెరకు జానెడు దూరంలో ముఖం. నొక్కడం, మెరవగానే ఫొటో తీయడం, పచ్చబడగానే తరువాతి ఫైలు. ఆలస్యమైతే మళ్ళీ మొదటినుంచి. పిన్ని పక్కన నిలబడి "ఇప్పుడు! ఇప్పుడు!" అని అందిస్తూ ఉండేది. రాత్రి పదకొండింటికి ఫొటోలన్నీ బంధువుల వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమయ్యాయి.

తెర మీద చుక్కల గళ్ళు, ఫోను సెన్సార్ గళ్ళు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు ఫొటో నిండా ఇంద్రధనుస్సు చారలు పడతాయి. పిల్లవాడు మొదలుకొని పురోహితుడు గారి దాకా ఎవరినీ ఆ చారలు విడిచిపెట్టలేదు. పైగా తెర అద్దంలో ట్యూబులైటు ఒకటి, దాని కింద బనీనుతో బాబాయి, ప్రతి ఫొటోలోనూ ఉన్నారు. "అన్ని ఫొటోల్లోనూ చంటివాడి వెనుక నిలబడ్డ ఆ బనీను ఆయన ఎవరండీ?" అని వియ్యాలవారి తరఫు బంధువు ఒకరు గ్రూపులో అడిగారు. ఎవరూ జవాబు ఇవ్వలేదు. కీలకమైన ఆ ఒక్క ఫొటోలో పిల్లవాడి చెయ్యి సరిగ్గా ట్యూబులైటులోకి వెళ్ళి మాయమైంది. అది నోట్లకట్ట మెరుపేనని వియ్యపురాలు వెంటనే సందేశం పెట్టారు.

ఈ తగవు సంక్రాంతి దాకా సాగేదే. ఆ ఆదివారం ఇంజనీరింగు రెండో సంవత్సరం చదివే మా అమ్మాయిని వెంటబెట్టుకుని నేను తణుకు వెళ్ళాను. అది ఆ విన్యాసమంతా చూసి, "చిన్నతాతయ్యా, ఆ ఒక్క క్షణం కనబడే బొమ్మ ఫైలులోనే ఉన్నది కదా. దానినే బయటికి లాగేస్తే పోలేదూ?" అన్నది. ఫిల్ హార్వీ అనే ఆయన 2003 నుంచి ఊరికే అందిస్తున్న ఎగ్జిఫ్‌టూల్ అనే బుల్లి ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నది. నల్ల తెర మీద ఒక్క వరుస టైపు చేసింది. విండోస్ 7 కూడా కాదనలేదు. పిన్ని జంతికల డబ్బా తెచ్చేలోపు జేపెగ్‌లన్నీ ఒక ఫోల్డరులో వచ్చి కూర్చున్నాయి. అసలు రంగులతో, అసలు పరిమాణంలో, బనీను లేకుండా.

కీలకమైన ఫొటో తెరిచాం. చాప మీద పుస్తకం పుస్తకంగానే ఉన్నది. నోట్లకట్టను ఎవరూ ముట్టుకోలేదు. కత్తి పక్కకు జరిగి ఉన్నది. పిల్లవాడు రెండు చేతులా గట్టిగా పట్టుకుని, నోటి దాకా తీసుకుపోయినది మాత్రం బాబాయి చేతిలోంచి జారి చాప మీద దొర్లిన లెన్స్ మూత. అది కనబడటం లేదని తమ్ముడు హైదరాబాదు నుంచి రోజూ అడుగుతూనే ఉన్నాడు.

బాబాయి ఫొటోను చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో ఓటమి అన్నది ఎక్కడా లేదు. "చూశావుటోయ్, ఫొటోగ్రాఫరు అవుతాడు, నా పోలిక" అన్నారు ముందు. తరువాత నా వైపు తిరిగి, "అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి గమనించావా? అమ్మాయి బయటికి తీసిన బొమ్మ, నా సాఫ్ట్‌వేర్ మొదటి క్షణంలో చూపించిన బొమ్మ, రెండూ ఒక్కటే. అంటే అది మొదటినుంచీ సరిగ్గానే చూపిస్తున్నదన్నమాట. ఊరికే ఆడిపోసుకున్నారు దాన్ని" అన్నారు.

పిన్ని జంతికల పళ్ళెం బల్ల మీద పెట్టి, "అలాగే లెండి. ఇకనుంచి ఆ మొదటి క్షణం అవగానే కంప్యూటరు కట్టేసి భోజనానికి రండి" అన్నది.