తూకం లేని మందు

మా పెద్దమ్మను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చి అరగంట కూడా కాలేదు. కోపం ఇంకా చల్లారలేదు. ఆవిడకు 78 ఏళ్లు, బరువు 42 కిలోలు. అరికాళ్ల మంటలకని పది రోజుల క్రితం ప్రీగాబాలిన్ 75 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు రెండు రాసిచ్చారు. నాలుగో రోజుకే కూర్చున్నచోట తూగడం, మాట తడబడడం మొదలైంది. నిన్న రాత్రి బాత్రూంలో పడిపోయారు. దానికి ఈ ఉదయం దొరికిన సమాధానం: "వయసు కదండీ, మామూలే." పడిపోయినప్పుడు గుర్తొచ్చిన ఆ వయసు మోతాదు రాసేటప్పుడు ఎక్కడికి పోయింది?

ఈ మందును కాలేయం దాదాపు ముట్టుకోదు. మూత్రపిండాలే దాన్ని ఉన్నదున్నట్టుగా బయటికి పంపాలి. రిపోర్టులో క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు రక్తంలోంచి వడకట్టి పంపాల్సిన వ్యర్థం, 1.1 ఉందని, అది నార్మలేనని నాకు చూపించారు. క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. కండే కరిగిపోయిన మనిషిలో మూత్రపిండాలు మందగించినా ఆ అంకె బాగానే కనబడుతుందని చెప్పవలసింది నేనా? మూత్రపిండాల వడపోత వేగాన్ని అంచనా వేయడానికి 1976 నుంచి కాక్‌క్రాఫ్ట్, గాల్ట్‌ల లెక్క ఉంది: 140లోంచి వయసు తీసివేసి, బరువుతో హెచ్చవేసి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించి, స్త్రీ అయితే 0.85తో గుణించాలి. పెద్దమ్మకు నిమిషానికి 28 మిల్లీలీటర్లు వచ్చింది. 15 నుంచి 30 మధ్య ఉన్నవారికి రోజు మొత్తానికి 25 నుంచి 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలి, ఎంత పెంచినా 150 దాటకూడదు. ఆవిడకు తొలిరోజే 150 ఇచ్చారు.

ఈ లెక్కకు బరువు కావాలి. కిరాణా కొట్లో పావుకిలో చింతపండైనా తూచే ఇస్తారు. మనిషిని మాత్రం కంటిచూపుతో అంచనా వేస్తారు, ఆ అంచనాలో ప్రతి రోగీ 70 కిలోల మగవాడే. అసలు ఆడవాళ్ల ఒళ్లు ఎవరికి లెక్క? 1992లో అమెరికాలో అనుమతి పొందిన జోల్పిడెం అనే నిద్రమాత్ర ఆడవాళ్లలో నెమ్మదిగా విరుగుతుందని, తెల్లవారాక కూడా రక్తంలో మిగిలి కారు నడిపేవారికి ప్రమాదమవుతుందని వారి మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది 2013లో. ఇరవయ్యేళ్లపాటు మగవాడి మాత్రే మింగారు, పొద్దున్నే మగతగా ఉందంటే బద్ధకమనిపించుకున్నారు.

ఇవాళ పెద్దమ్మకు తూలుడు తగ్గడానికని ఇంకో మాత్ర కలిపారు. పాతది అలాగే కొనసాగించమన్నారు. కొత్త చీటీలో బరువు రాసే గడి ఈసారీ ఖాళీగానే ఉంది.